మా గుడి రెక్కల కిటికీలు

ఈసారి కొంచెం పొడుగ్గా రాశాను. ఓపిగ్గా చదవండి. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి, దిద్దుకుంటాను.

పోయిన నెల మా గుడి కమిటీ మీటింగ్‌లో రెండు గంటలు కిటికీల గురించే మాట్లాడుకున్నాం. నవ్వకండి. ఆ రెండు గంటల్లో ఎక్కువ భాగం తల దించుకుని కూర్చున్నది నేనే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కిటికీల సంగతి చెప్పాలి.

మా గుడి లండన్‌కి తూర్పున, ఎసెక్స్‌లో ఉంది. 1930లలో కట్టిన పాత హాలు అది. దాన్ని కొని గుడిగా మార్చుకున్నాం. హాలుకు ఒక వైపు గోడంతా ఆరు పెద్ద ఉక్కు కిటికీలు ఉన్నాయి. ఒక్కోదానికి రెండు రెక్కలు. తలుపుకు ఉన్నట్టే పక్కన మడతబందులు ఉంటాయి. పిడి తిప్పి తోస్తే రెక్క బయటికి తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో వీటిని కేస్‌మెంట్ కిటికీలు అంటారు. తెలుగులో ఏమనాలో నాకు తోచలేదు. మా ఆవిడని అడిగితే, "రెక్కల కిటికీ అనండి, ఎవరికైనా అర్థమవుతుంది" అంది. నిజమే. మనం తలుపు రెక్క అంటాం, కిటికీ రెక్క అంటాం. తెరిచి మూసేది పక్షికైనా కిటికీకైనా రెక్కే.

ఆ గుడిలో చిన్న చిన్న మరమ్మతులు చూసేది నేను. బల్బులు మార్చడం, కుళాయిలు బిగించడం, చెప్పుల స్టాండుకు మేకులు కొట్టడం నా సేవ. కాబట్టి కిటికీలు కూడా నా ఖాతాలోనివే.

మూడు మాటలు, ఒకటే ఊహ

నా చదువంతా విశాఖపట్నంలో ఇంగ్లీషు మీడియంలో సాగింది. తెలుగు ఇంట్లో మాట్లాడేవాణ్ణి, అంతే. రాయడం అరవై దాటాక మొదలుపెట్టాను. అందుకే ఏ మాట కనిపించినా నిఘంటువు తీసి చూడటం అలవాటైంది.

కిటికీ అనే మాట హిందీలో ఖిడ్కీకి చుట్టం. అది అందరికీ తెలుసు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి వాతాయనం. వాతం అంటే గాలి, అయనం అంటే దారి. కాబట్టి గాలి వచ్చే దారి. రెండోది గవాక్షం. గవ అంటే ఆవు లేదా ఎద్దు, అక్షం అంటే కన్ను. ఎద్దు కన్నులా గుండ్రంగా ఉండే కిటికీ. పాత గుళ్ల మీద గుర్రపు నాడా ఆకారంలో చెక్కిన చిన్న కిటికీ బొమ్మలను కూడా గవాక్షాలనే అంటారు.

ఇప్పుడు ఇంగ్లీషులో విండో అనే మాట చూడండి. అది ఇంగ్లండ్‌కి ఉత్తరాన ఉన్న దేశాల నుంచి, వైకింగుల పాత నార్స్ భాష నుంచి వచ్చింది. వాళ్ల మాట విండౌగ. విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గాలి కన్ను! మన పెద్దలు రెండు మాటల్లో విడివిడిగా చెప్పిన గాలినీ కన్నునూ వాళ్లు ఒకే మాటలో కలిపేశారు. ఇది చదివిన రోజు నాకు చాలా సంతోషం వేసింది. అద్దం అనే మాట వీటిలో ఎక్కడా లేదు. ఎందుకంటే కిటికీ ముందు పుట్టింది. అద్దం చాలా తర్వాత వచ్చింది.

అద్దాన్ని విప్పి దాచుకున్న రోజులు

మధ్యయుగాల ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్ల కిటికీలకు అద్దాలు లేవు. గోడలో కన్నం ఉండేది. దానికి చెక్క తలుపు, లేకపోతే నూనెలో తడిపిన బట్ట, లేకపోతే పలచగా చేసిన పశువుల కొమ్ము పెట్టేవారు. అద్దం డబ్బున్నవాళ్ల సొత్తు. 16వ శతాబ్దంలో ఆనిక్ కోటలో ప్రభువు ఊళ్లో లేనప్పుడు కిటికీల అద్దాలు విప్పి జాగ్రత్తగా దాచమని సలహా ఇచ్చారట. వెండి కంచాలు దాచినట్టే అన్నమాట.

అప్పట్లో పెద్ద అద్దం చేయడం కష్టం. అందుకని చిన్న చిన్న ముక్కలను సీసపు పట్టీలతో కలిపి కుట్టినట్టు చేసేవారు. సీసం మెత్తగా ఉంటుంది, వంగిపోతుంది. దాని చుట్టూ ఇనుప చట్రం బిగించి పక్కన మడతబందులు పెట్టేవారు. ఇదే పాత రెక్కల కిటికీ. పెద్ద కిటికీలో కూడా ఒకటో రెండో రెక్కలు మాత్రమే తెరుచుకునేవి. మిగతా అద్దాలు కదలవు. డర్బీషైర్‌లో 1590లలో కట్టిన హార్డ్‌విక్ హాల్ చూసినవాళ్లకు ఆ కాలపు మోజు అర్థమవుతుంది. ముందు వైపు గోడ కంటే అద్దాలే ఎక్కువగా కనిపిస్తాయి.

1670ల నుంచి ఇంగ్లండ్‌లో కొత్త రకం కిటికీ వచ్చింది. దాన్ని సాష్ అంటారు. రెండు అద్దాల చట్రాలు పైకీ కిందకీ జరుగుతాయి. గోడలో దాచిన గిలక మీదుగా తాడు వెళ్తుంది, తాడు చివర బరువు ఉంటుంది. బావిలో చేద తోడే గిలకను తలుచుకోండి, అదే సూత్రం. రాజుగారి భవనాల్లో పెట్టారు. తర్వాత డబ్బున్నవాళ్లందరూ పెట్టుకున్నారు. 18వ శతాబ్దం వచ్చేసరికి రెక్కల కిటికీ పాతబడిపోయింది. పల్లెటూరి ఇళ్లలో, పెద్ద ఇళ్ల వెనక గోడల్లో, అటకల్లో మిగిలింది.

గాలి మీద పన్ను

ఈ కథలో నన్ను బాగా పట్టుకున్న భాగం ఇది. 1696లో ఇంగ్లండ్, వేల్స్‌లో కిటికీల మీద పన్ను వేశారు. మొదట ఇంటికి ఏడాదికి 2 షిల్లింగులు. కిటికీలు పది దాటితే ఇంకా ఎక్కువ. కిటికీ పక్కకు తెరుచుకున్నా, పైకి జరిగినా పన్నుకు పట్టింపు లేదు. తర్వాత 1746 నుంచి అద్దం తయారీ మీద బరువును బట్టి ఇంకో పన్ను వచ్చింది. అది 1845 వరకు ఉంది.

జనం ఏం చేశారు? కిటికీలకు ఇటుకలు పేర్చి మూసేశారు. ఇప్పటికీ పాత వీధుల్లో నడిస్తే కిటికీ ఆకారంలో ఇటుకలు కనిపిస్తాయి. అలా కనిపించే ప్రతిదీ పన్ను వల్ల మూసింది కాదు. ఇంటి ముఖం రెండు వైపులా సమంగా కనిపించాలని మొదటి నుంచీ అలా కట్టినవి కూడా ఉన్నాయి. కానీ పన్ను కోసం మూసినవి చాలానే ఉన్నాయి. ఎక్కువ నష్టపోయింది అద్దె ఇళ్లలో కిక్కిరిసి ఉన్న పేదవాళ్లు. ఎన్ని కుటుంబాలున్నా దాన్ని ఒకే ఇల్లుగా లెక్క కట్టేవారు. పన్ను తగ్గించుకోవడానికి యజమాని కిటికీలు మూసేవాడు. లోపల ఉండేవాళ్లకు వెలుతురు పోయింది, గాలి పోయింది. ఇది జనం ఆరోగ్యాన్ని పాడుచేస్తోందని వైద్యులు గట్టిగా చెప్పారు. చివరికి 1851లో ఆ పన్ను తీసేశారు. అంటే 155 ఏళ్లు నడిచింది.

అదే 1851లో లండన్ హైడ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్ లేచింది. దాదాపు 3 లక్షల అద్దాలు పట్టాయి దానికి. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో ఛాన్స్ బ్రదర్స్ వాటిని తయారుచేశారు. పన్ను పోయింది, అద్దం చవకైంది.

ఉక్కు రెక్కలు

రెక్కల కిటికీ మళ్లీ పైకి రావడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి అభిరుచి. 1890లలో వాయ్‌సీ లాంటి వాస్తుశిల్పులు పాత పల్లె ఇళ్ల అందాన్ని మళ్లీ తీసుకొచ్చారు. వరసగా, పొట్టిగా, సీసపు పట్టీలున్న రెక్కల కిటికీలు పెట్టారు. రెండోది ఉక్కు. దాని కథ మా ఎసెక్స్‌లోనే జరిగింది.

బ్రెయిన్‌ట్రీ అనే ఊళ్లో క్రిటాల్ కుటుంబానికి ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. ఆ ఇంటి కొడుకు ఫ్రాన్సిస్ హెన్రీ క్రిటాల్ 1884లో లోహపు కిటికీలు చేయడం మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఇళ్ల కరువు వచ్చింది. 1919 తర్వాత ప్రభుత్వ సాయంతో వేల ఇళ్లు కట్టారు. ఒకే కొలతతో చేసిన ఉక్కు కిటికీలకు గిరాకీ పెరిగింది. 1926లో క్రిటాల్ తన పనివాళ్ల కోసం సిల్వర్ ఎండ్ అని ఒక ఊరే కట్టించడం మొదలుపెట్టాడు. యుద్ధంలో గాయపడి వికలాంగులైన సైనికులకు అక్కడి ఫ్యాక్టరీలో పని ఇచ్చారు.

ఒక ఆదివారం నేనూ మా ఆవిడా సిల్వర్ ఎండ్ చూసి వచ్చాం. థామస్ టెయిట్ డిజైన్ చేసిన తెల్లటి గోడల ఇళ్లు, మన డాబాల్లా చదునైన కప్పులు. సన్నని ఉక్కు చట్రాలు, ఎక్కువ అద్దం. మా ఆవిడ చూసి, "ఇది ఇంగ్లండ్‌లా లేదండీ, మన వైజాగ్ క్వార్టర్స్‌లా ఉంది" అంది. ఆ రోజుల్లో క్షయ రోగానికి ఎండ, ఆరుబయటి గాలి మందు అని నమ్మేవారు. రోగం ఉన్నా లేకపోయినా ఇల్లు వెలుతురుగా ఉండాలని అందరూ కోరుకున్నారు. మా గుడి హాలు కూడా ఆ కాలంలోదే.

మంచి, చెడు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. రెక్కల కిటికీతో లాభమేమిటి, నష్టమేమిటి?

మొదటి లాభం గాలి. సాష్ కిటికీని ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. ఒక చట్రం ఇంకో చట్రం వెనక్కి వెళ్లాలి కదా. రెక్క మాత్రం పూర్తిగా తెరుచుకుంటుంది. పైగా గోడ వెంబడి వెళ్లే గాలికి అడ్డంగా నిలబడి దాన్ని లోపలికి తిప్పుతుంది. రెండో లాభం బిగువు. జరిగే కిటికీకి జరగడానికి కాస్త సందు ఉండాలి. రెక్కకు అలా అక్కరలేదు. పిడి తిప్పితే చట్రానికి ఒత్తుకుని మూసుకుంటుంది. మూడో లాభం, ప్రమాదంలో దారి. ఇప్పటి ఇంగ్లండ్ నియమాల ప్రకారం ఇళ్లలో తప్పించుకోవడానికి పెట్టే కిటికీ తెరిచినప్పుడు కనీసం 0.33 చదరపు మీటర్ల ఖాళీ ఉండాలి. ఎత్తు, వెడల్పు రెండూ 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెక్కల కిటికీతో ఇది తేలిక.

మన ఊళ్లలో కిటికీ రెక్కల వెనక ఇనుప ఊచలు ఉంటాయి. గాలి వస్తుంది, దొంగ రాడు. కానీ నిప్పంటుకుంటే లోపలి మనిషి బయటికి పోలేడు. చిన్నప్పుడు నాకు ఈ ఆలోచనే రాలేదు.

ఇక నష్టాలు. బరువంతా ఒక పక్క మడతబందుల మీద వేలాడుతుంది. అందుకే రెక్క మరీ వెడల్పుగా ఉంటే కిందకి వాలిపోతుంది. గాలికి కొట్టుకుంటుంది. వైజాగ్‌లో సముద్రపు గాలి లేస్తే మా అమ్మమ్మ లోపలి నుంచి కేకేసేది, "కొక్కెం పెట్టరా, రెక్క విరిగిపోతుంది!" అని. మేడ మీద కిటికీ అయితే బయటి అద్దం తుడవడం కష్టం. చిన్నపిల్లలున్న ఇంట్లో పూర్తిగా తెరుచుకోవడమే భయం. అందుకే మేడ మీద రెక్క 100 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తెరుచుకోకుండా ఒక అడ్డు బిగిస్తారు.

ఉక్కుకు తుప్పు ఇంకో శత్రువు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన చాలా ఉక్కు కిటికీలకు జింకు పూత ఉండేది కాదు. ఒంటి అద్దం కాబట్టి చలికాలంలో లోపల నీళ్లు కారతాయి, హీటింగ్ బిల్లు పెరుగుతుంది.

ఫ్రాన్స్‌లో రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. వాళ్ల చెక్క తలుపులు గోడకు బయట ఉంటాయి కాబట్టి అలా కుదిరింది. అద్దం తుడవడం సులువు, కానీ గదిలో చోటు పోతుంది. ఇంగ్లండ్‌లో రెక్క బయటికి వెళ్తుంది. గది ఖాళీగానే ఉంటుంది, బయట నడిచేవాళ్లకే కష్టం. మా గుడిలో జరిగింది అదే.

నేను చేసిన పని

రెండేళ్ల క్రితం వేసవిలో ఆరు కిటికీలూ తెరిచి ఉంచాం. గోడ పక్కనే కాలిబాట ఉంది. ఎనభై దాటిన ఒక పెద్దాయన కింద చూసుకుంటూ నడుస్తున్నారు. రెక్క మూల నుదుటికి తగిలింది. ఉక్కు మూల కదా, నాలుగు కుట్లు పడ్డాయి. ఆయన మంచివారు. కట్టు కట్టుకుని వచ్చి, "మీ కిటికీకి సాష్టాంగం చేశాను నాయనా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ వారమే నేను పిడులన్నిటినీ సన్నని తీగతో కట్టేశాను. చట్రం సందుల మీద రెండు పూతలు పెయింట్ వేశాను. చలిగాలి కూడా ఆగింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

పోయిన దీపావళికి అన్నదానం పెట్టుకున్నాం. వంటింట్లో గారెలు వేస్తున్నారు. నూనె మరీ కాగిపోయి పొగ లేచింది. వెంటనే పొయ్యి ఆపేశారు, మంట లేవలేదు. కానీ పొగ మధ్య తలుపులోంచి హాల్లోకి వచ్చేసింది. హాల్లో నూటికి పైగా జనం. వంట చూసే పిన్నిగారు పరుగున వచ్చి, "కిటికీలు తియ్యండి, కిటికీలు తియ్యండి!" అని అరిచారు. ఇద్దరు కుర్రాళ్లు పిడులు పట్టుకుని లాగారు. రాలేదు. తీగ తెంపారు. అయినా రాలేదు. పెయింట్ పట్టేసింది. నేను పటకారు కోసం స్టోరు రూముకు పరుగెత్తాను.

జనం రెండు తలుపుల్లోంచే బయటికి వెళ్లారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆస్తమా ఉన్న ఒక పిల్లవాడు మాత్రం గుంపు వెనక చిక్కుకుని చాలాసేపు దగ్గుతూ ఉండిపోయాడు. వాళ్ల నాన్న వాణ్ణి ఎత్తుకుని బయటికి తీసుకెళ్తూ నా వైపు చూశాడు. ఆయన ఏమీ అనలేదు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

ఆ తర్వాతే నేను ఈ చరిత్రంతా చదివాను. కిటికీ పన్ను దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను. ఇటుకలు పేర్చిన యజమానులకు కనీసం పన్ను భారం ఉంది. నా మీద ఏ పన్నూ లేదు. ఒక దెబ్బకు భయపడి ఆరు కిటికీలను గోడ చేసేశాను. రెక్క బయటికి పూర్తిగా తెరుచుకోవడమే దాని గుణం. గాలి వచ్చేది అందువల్లే, నుదుటికి తగిలేదీ అందువల్లే. దెబ్బ తగలకుండా చేయాలంటే బయట నడిచే దారిని చూడాలి. నేను రెక్కను చూశాను.

కమిటీలో ఏమైంది

మీటింగ్‌లో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి, పాత ఉక్కంతా తీసేసి ప్లాస్టిక్ చట్రాల జంట అద్దాల కిటికీలు పెట్టడం. కింది అద్దం కదలదు, పైన చిన్న రెక్క మాత్రం తెరుచుకుంటుంది. వెచ్చగా ఉంటుంది, బిల్లు తగ్గుతుంది. కోశాధికారిగారు దీని వైపే ఉన్నారు. ఆయన లెక్క తప్పు కాదు. రెండోది, ఉన్నవాటిని బాగుచేయడం.

నేను లేచి దీపావళి రోజు తప్పు నాదేనని చెప్పాను. కాస్త ఇంగ్లీషు, కాస్త తెలుగు కలిపి చెప్పాను. అప్పుడు పిన్నిగారు ఒక్క మాట అన్నారు: "బాట జరిపి అక్కడ పూలమొక్కలు వేస్తే సరిపోతుంది కదండీ." అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రెండేళ్లలో నాకు ఈ మాట తట్టలేదు!

రెక్క వెడల్పు 50 సెంటీమీటర్లు. గోడ పక్కన 75 సెంటీమీటర్ల వెడల్పున మొక్కల మడి వేసి, బాటను దాని అవతలికి జరపాలని తీర్మానించాం. పెయింట్ గోకి, తుప్పు వదిలించి, జింకు ఉన్న పూత వేసి, చలిగాలి రాకుండా అంచులకు రబ్బరు పట్టీ అంటిస్తాం. ప్రతి నెలా మొదటి శనివారం ఆరు కిటికీలూ తెరిచి చూడటం నా పని. హీటింగ్ బిల్లు మాత్రం తగ్గదు. కోశాధికారిగారు ఆ మాట మినిట్స్‌లో రాయించారు. చలికాలంలో పెద్దవాళ్ల కుర్చీలు కిటికీలకు దూరంగా వేస్తాం.

పెయింట్ గోకడం మొదలుపెట్టాను. మొదటి కిటికీకి రెండు రోజులు పట్టింది. రెక్క కదిలినప్పుడు పెద్ద చప్పుడైంది. నుదుటికి దెబ్బ తగిలిన పెద్దాయన పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. గాలి లోపలికి రాగానే శాలువా కప్పుకుని, "ఇంకొంచెం తియ్యి నాయనా" అన్నారు.

మీకు ఒక ప్రశ్న. తెరిచిన రెక్క కదలకుండా పట్టి ఉంచడానికి ఇక్కడి ఉక్కు కిటికీలకు రంధ్రాలున్న ఇనుప పట్టీ ఉంటుంది. మా అమ్మమ్మ కొక్కెం అనేది వేరే, అది చిన్న వంపు ఊచ. ఈ పట్టీని మీ ఇంట్లో ఏమనేవారు? ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి చెప్పండి. అడిగినప్పుడు ఆ ఇంటి కిటికీలు ఎటు తెరుచుకునేవో కూడా అడగండి. తప్పకుండా ఒక కథ వస్తుంది.

సెలవు.